పట్టాభిషేకం తరువాతి కథ: ‘యాకుజా 2’ వీడియో గేమ్‌లో ఉత్తరకథా స్వరూపం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జపాన్ నేరముఠాల జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకొని సెగా సంస్థ 2006లో వెలువరించిన ‘ర్యూ గా గొతోకు 2’ అనే వీడియో గేమ్ ఆంగ్లంలో ‘యాకుజా 2’గా ప్రసిద్ధం. మొదటి భాగం నాయకుని పదవీస్వీకారంతో ముగియగా, రెండో భాగం ఆ పదవి ఏ హింస మీద నిలిచిందో ప్రశ్నిస్తుంది. ఈ లక్షణాన్ని తెలుగు సాహిత్యంలో సుపరిచితమైన ‘ఉత్తరకథ’ అనే భావనతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథలో బాధితులుగా కనిపించే కొరియన్లకు ఈ ఉత్తరకథ ఎంతవరకు గొంతునిచ్చిందన్నది ప్రధాన పరిశీలనాంశం. ఆటక్రియ, స్థలచిత్రణ, పాఠాంతరాలు అనే మూడు ఆధారాలతో విశ్లేషణ సాగుతుంది.

కీలకపదాలు: ఉత్తరకథ, యాకుజా, వీడియో గేమ్, జపాన్ కొరియన్లు, స్థలచరిత్ర, పాఠాంతరం, రౌడీ కథానాయకుడు.

1. ప్రవేశిక

కథ పట్టాభిషేకంతో ముగిస్తే శ్రోతకు తృప్తి కలుగుతుంది. పట్టాభిషేకం తరువాత ఏమైందని అడిగితే కథకుడికి ఇబ్బంది మొదలవుతుంది. రామకథా సంప్రదాయంలో ఆ ఇబ్బందికి రూపమే ఉత్తరకాండ. ధర్మమూర్తిగా నిలిచిన రాజు తన పాలనలో ఎవరికి అన్యాయం చేశాడన్న ప్రశ్న అక్కడే ఎదురవుతుంది. తెలుగులో తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’, కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’ ఈ ఘట్టాన్ని కావ్యవస్తువుగా స్వీకరించాయి. 1963 నాటి ‘లవకుశ’ చలనచిత్రం దానిని ఇంటింటి కథగా మార్చింది. కాబట్టి ‘రెండో భాగం’ అనేది తెలుగు పాఠకునికి కేవలం వ్యాపార సౌలభ్యం కాదు. అది విచారణకు అవకాశమిచ్చే కథనరూపం కూడా.

ఆధునిక కాలంలో రెండో భాగాలు విరివిగా వస్తున్న రంగాలు చలనచిత్రం, వీడియో గేమ్. రెండింటిలోనూ నేరలోకపు నాయకుడు ప్రీతిపాత్రమైన వస్తువు. తెలుగు పరిశోధనలో రౌడీ, ఫ్యాక్షన్ చిత్రాలపై చర్చ ఉంది. వీడియో గేమ్‌ను కథనపాఠంగా స్వీకరించిన చర్చ అంతగా లేదు. పాత్ర, సంభాషణ, వర్ణన, ఉపకథ అన్నీ కలిగిన ఈ ప్రక్రియను పిల్లల ఆటగా పక్కన పెట్టడం వల్ల ఈ తరం కథలు వినే ఒక ముఖ్యమైన చోటు పరిశోధకుని దృష్టికి రాకుండా పోతున్నది. ఈ వ్యాసం ‘యాకుజా 2’ను అటువంటి కథనపాఠంగా పరిగణిస్తుంది.

2. వీధిపోరాట ఆటల నేపథ్యం

ఒంటరి నాయకుడు వీధిలో నడుస్తూ, ఎదురైన గుంపులను పిడికిళ్లతో, చేతికందిన వస్తువులతో ఓడించే ఆటలు 1980లలో జపాన్‌లో స్థిరమైన రూపాన్ని పొందాయి. టెక్నోస్ జపాన్ సంస్థ 1986లో వెలువరించిన ‘నెక్కెత్సు కోహా కునియో కున్’ వీటిలో ఆద్యమైన వాటిలో ఒకటి. దాని రూపకర్త కిషిమొతో యోషిహిసా తన పాఠశాల రోజుల కొట్లాటల అనుభవాన్ని అందులో వాడుకున్నాడు. ఆ ఆటను పాశ్చాత్య దేశాలకు పంపినప్పుడు జపాన్ విద్యార్థుల దుస్తులు తొలగించి, అమెరికన్ వీధిముఠాల వేషం తొడిగారు. 1987లో ‘డబుల్ డ్రాగన్’, 1989లో కాప్‌కామ్ సంస్థ ‘ఫైనల్ ఫైట్’ ఈ మార్గాన్ని విస్తరించాయి.

తెలుగు పట్టణాలకు ఈ ప్రక్రియ కొత్తది కాదు. కాప్‌కామ్ 1993లో విడుదల చేసిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ వీడియో గేమ్ పార్లర్లలో ఆడిన తరానికి ‘ముస్తఫా’గానే గుర్తు. నలుగురు నాయకులలో ఒకని పేరే ఆటకు పేరైంది. బిళ్ల వేసి ఆడిన పిల్లలు అసలు శీర్షికను పట్టించుకోకుండా, తమకు దగ్గరగా తోచిన పేరును నిలుపుకున్నారు. వీరగాథలు ఊరూరికీ కొత్త పేర్లతో వ్యాపించిన తీరుకు ఇది దూరం కాదు.

ఈ తొలి ఆటలలో కథ నామమాత్రం. వీధికి చరిత్ర లేదు, శత్రువుకు ఇల్లు లేదు. సెగా సంస్థ నుంచి 1999లో సుజుకి యు రూపొందించిన ‘షెన్మూ’ వచ్చిన తరువాత, దుకాణాలతో, ఇరుగుపొరుగు మనుషులతో, నిత్యజీవితపు చిల్లరపనులతో కూడిన వీధి ఆటలోకి ప్రవేశించింది. వీధిపోరాటమూ ఈ వీధిజీవనమూ కలిసిన చోట ‘యాకుజా’ శ్రేణి పుట్టింది.

3. యాకుజా: వ్యవస్థ, చట్టం, చలనచిత్రం

‘యాకుజా’ అనే మాటకు మూలం పేకాట. ఒక జూదంలో ఎనిమిది, తొమ్మిది, మూడు ముక్కలు కలిసి పడితే వచ్చే విలువ సున్నా. ఆ అంకెల ఉచ్చారణే ‘యా-కు-జా’. పనికిరానివాడు అనే అర్థం అందులో ఇమిడి ఉంది. జూదగాళ్లైన బకుతో, సంతలలో అమ్ముకునే తెకియా అనే రెండు వర్గాలనుంచి ఈ ముఠాలు తమ వంశక్రమాన్ని చెప్పుకుంటాయి. యజమానిని తండ్రిగా, అనుచరుని కొడుకుగా భావించే కల్పిత బంధుత్వం వాటి నిర్మాణానికి ఆధారం. 1915లో కోబే నగరంలో ఏర్పడిన యమగుచి గుమి ఓడరేవు కూలీల సరఫరా నుంచి ఎదిగి దేశంలోనే పెద్ద ముఠా అయింది.

పోలీసుల లెక్క ప్రకారం ఈ ముఠాల సభ్యులు 1963లో సుమారు 1,84,000 మంది. 2023 చివరికి ఆ సంఖ్య సుమారు 20,400కు తగ్గింది. ఈ పతనానికి ప్రధాన కారణాలలో చట్టం ఒకటి. 1991లో చేసి, 1992 మార్చి 1 నుంచి అమలుపరచిన ముఠానిరోధక చట్టం కొన్ని సంఘాలను ‘నిర్దేశిత’ ముఠాలుగా ప్రకటించే అధికారాన్ని ఇచ్చింది. 2011 నాటికి అన్ని రాష్ట్రాలలోనూ అమలులోకి వచ్చిన స్థానిక నిబంధనలు ముఠాలతో వ్యాపార లావాదేవీలను కూడా నిషేధించాయి. తెలుగు ప్రాంతాల పోలీసుస్టేషన్లలోని ‘రౌడీషీటు’ వ్యక్తి పేరున తెరుచుకుంటుంది. జపాన్ చట్టం సంఘాన్ని గుర్తిస్తుంది. ఈ భేదం కథలలోనూ కనిపిస్తుంది. తెలుగు రౌడీ ఒంటరిగా పైకి వస్తాడు. జపాన్ యాకుజా సంఘంలో స్థానం కోసం, సంఘం పరువు కోసం పోరాడతాడు.

చలనచిత్రరంగంలో రెండు దశలు స్పష్టం. 1960లలో తోయే సంస్థ నిర్మించిన ‘నిన్క్యో’ చిత్రాలు మాటకు కట్టుబడే, బలహీనులను కాచే యాకుజాను చూపాయి. 1965 నాటి ‘అబషిరి బంగైచి’తో తకకురా కెన్ ఆ ఆదర్శానికి ముఖచిత్రమయ్యాడు. 1973లో ఫుకసకు కింజి ‘జింగి నాకి తతకై’ ఆ ఆదర్శాన్ని బద్దలు కొట్టింది. యుద్ధానంతర హిరోషిమా ముఠాల నిజమైన తగాదాల ఆధారంగా తీసిన ఈ చిత్రంలో గౌరవం ఒక నటన, ద్రోహమే నియమం. ‘యాకుజా’ ఆటల నాయకుడు మొదటి దశకు చెందినవాడు. అతడు తిరిగే లోకం రెండో దశకు చెందినది. ఈ రెండింటి మధ్య ఘర్షణే ఈ శ్రేణికి చోదకశక్తి.

4. ‘యాకుజా 2’: రచన, ఇతివృత్తం

మొదటి భాగం 2005 డిసెంబర్ 8న, రెండో భాగం 2006 డిసెంబర్ 7న జపాన్‌లో ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం విడుదలయ్యాయి. నిర్మాత నగోషి తొషిహిరో. రెండు భాగాల కథారచనను పర్యవేక్షించినవాడు నవలాకారుడు హసే సేయిషూ. అతని తొలి నవల ‘ఫుయాజో’ 1996లో వెలువడింది. టోక్యోలోని కబుకిచో ప్రాంతపు చైనా ముఠాల మధ్య నలిగే తైవాన్-జపాన్ సంకరజాతి నాయకుని కథ అది. ఏ సమాజమూ పూర్తిగా తనవాడనుకోని మనిషి పట్ల హసేకు ఉన్న ఆసక్తి ‘యాకుజా 2’లో కొరియన్ సంతతి పాత్రలుగా కొనసాగింది. 2020లో ఇతనికి నవోకి పురస్కారం లభించింది.

మొదటి భాగం చివర నాయకుడు కిర్యూ కజుమా తోజో సంఘానికి నాలుగో అధ్యక్షుడవుతాడు. వెంటనే ఆ పదవిని ఓమీ కూటమి నుంచి వచ్చిన తెరదా యుకియోకు అప్పగించి తప్పుకుంటాడు. పట్టాభిషేకమూ రాజ్యత్యాగమూ ఒకేసారి జరుగుతాయి. ఏడాది తరువాత రెండో భాగం మొదలవుతుంది. ఐదో అధ్యక్షుడైన తెరదా కాల్పులకు గురవుతాడు. ఒసాకాలోని ఓమీ కూటమితో యుద్ధం తప్పించడానికి కిర్యూ టోక్యో నుంచి అక్కడికి వెళ్తాడు. సంధిని తిరస్కరించే గోదా ర్యూజీ అతనికి ప్రతినాయకుడు. ఇద్దరి వీపులపైనా డ్రాగన్ పచ్చబొట్టు. ర్యూజీ ‘కన్సాయి డ్రాగన్’. లోకంలో డ్రాగన్ ఒక్కటే ఉండాలన్నది అతని పట్టుదల. ఒసాకా పోలీసు అధికారిణి సాయమా కవొరు కిర్యూకు తోడుగా, కాపలాగా ప్రయాణిస్తుంది.

కథ ముదిరేకొద్దీ మూడో శక్తి బయటపడుతుంది. అది జింగ్వొన్ అనే కొరియన్ ముఠా. 1980లో తోజో సంఘం దానిని ఊచకోత కోసింది. బతికి బయటపడినవారు 26 ఏళ్ల తరువాత ప్రతీకారానికి వస్తారు. ర్యూజీ, కవొరు ఒకే కొరియన్ తల్లి బిడ్డలని, తెరదా కూడా జింగ్వొన్‌కు చెందినవాడేనని తెలుస్తుంది. నిర్మాణంలో ఉన్న కామురొచో హిల్స్ భవనం పైభాగంలో తుదిపోరు జరుగుతుంది.

5. ఉత్తరకథ వేసే ప్రశ్న

ఈ ఇతివృత్తంలో విచారణకు నిలబడినది నాయకుని సొంత సంఘం. మరింత స్పష్టంగా చెప్పాలంటే అతని పెంపుడు తండ్రి. 1980 నాటి దాడిలో కజమా షింతరో పాత్ర ఉంది. అనాథగా కిర్యూను పెంచిన వ్యక్తి, మొదటి భాగంలో ధర్మానికి ప్రమాణంగా కనిపించిన వ్యక్తి, ఆ భాగంలోనే ప్రాణాలు విడిచిన వ్యక్తి అతడే. ప్రశ్నించడానికి అతడు ఇప్పుడు లేడు. తండ్రి చేసిన హింసకు కొడుకు సమాధానం చెప్పవలసి వచ్చింది.

ఉత్తరకథ లక్షణాలలో ముఖ్యమైనది ఇదే. మొదటి కథలో విలువగా నిలిచినదాని పునాదిని రెండో కథ తవ్వి చూపుతుంది. కిర్యూ నిజాయితీని ఆట ఎక్కడా సందేహించదు. అతని నిజాయితీ ఏ నేలమీద పెరిగిందో మాత్రం చూపుతుంది. మంచి యాకుజా అనే భావన సాధ్యం కావడానికి ఎవరి మరణాలు మాటుపడ్డాయో అడుగుతుంది. ఒక వినోదపరిశ్రమ ఉత్పత్తి, అదీ విజయవంతమైన నాయకుని మీద ఆధారపడిన ఉత్పత్తి, ఈ ప్రశ్నను ఎత్తుకోవడం సాహసమే.

6. చారిత్రక కొరియన్లు, కథలోని కొరియన్లు

1910లో జపాన్ కొరియాను తనలో కలుపుకున్నది. గనులకు, కర్మాగారాలకు, ఓడరేవులకు కూలీలుగా కొరియన్లు తరలివచ్చారు. 1945 నాటికి జపాన్‌లో వారి సంఖ్య సుమారు 20 లక్షలు. ఒసాకా వారి ప్రధాన నివాసాలలో ఒకటి. యుద్ధానంతరం పెక్కుమంది వెనుదిరిగినా, లక్షలమంది అక్కడే నిలిచారు. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం అమలులోకి రావడంతో వారు జపాన్ జాతీయతను కోల్పోయి, పుట్టిన దేశంలోనే విదేశీయులయ్యారు. ఉద్యోగం, వివాహం, ఇంటి అద్దె వంటి నిత్యవిషయాలలో వివక్ష నుంచి తప్పించుకోవడానికి జపాన్ పేర్లు పెట్టుకున్న కుటుంబాలు అనేకం.

ఈ చరిత్ర నేరలోకంలోనూ ప్రతిఫలించింది. ఒసాకాలో 1958లో ఏర్పడిన యనగావ గుమి నాయకుడు కొరియన్ సంతతివాడు. ఆ ముఠా యమగుచి గుమికి అనుబంధమై, 1969లో రద్దయింది. అంటే చరిత్రలో కొరియన్లు జపాన్ ముఠాలకు వెలుపలి శత్రువులు మాత్రమే కారు, ఆ ముఠాల లోపలివారు కూడా. ఇతర దారులు మూసుకుపోయిన యువకులకు ముఠా ఒక దారి అయింది. ఆటలో ఈ లోపలితనం ర్యూజీ, తెరదా పాత్రలలో రహస్యంగా మిగిలింది. బయటకు కనిపించే కొరియన్ మాత్రం సముద్రం దాటి వచ్చిన, బాంబులు అమర్చే, జాలిలేని ముఠామనిషి.

2006 నాటి వాతావరణాన్ని కూడా గమనించాలి. 2000 ఏప్రిల్‌లో టోక్యో గవర్నర్ ఇషిహారా షింతరో విదేశీయులను ఉద్దేశించి యుద్ధానంతర కాలపు ‘సంగొకుజిన్’ అనే తిరస్కారపదాన్ని వాడి వివాదం రేపాడు. 2002లో జపాన్, దక్షిణ కొరియా ప్రపంచకప్ ఫుట్‌బాల్‌ను సంయుక్తంగా నిర్వహించాయి. 2003 నుంచి ‘వింటర్ సొనాటా’ ధారావాహిక జపాన్ గృహాలలో కొరియన్ కథలపై మోజు పెంచింది. 2005లో ‘కెంకన్‌ర్యూ’ అనే కొరియా వ్యతిరేక బొమ్మలపుస్తకం వెలువడింది. ఆదరణ, ద్వేషం రెండూ ఒకేసారి పెరుగుతున్న రోజులవి. ‘యాకుజా 2’లోని కొరియన్లు ఈ రెండు భావాల మధ్య నిలబడ్డారు. వారికి అన్యాయం జరిగిందని కథ ఒప్పుకుంటుంది. నగరం కింద బాంబులు పెట్టిందీ వారేనని కూడా చెబుతుంది. మొదటి మాట బాధితునిగా గుర్తిస్తే, రెండో మాట ఆ గుర్తింపును ఉపసంహరిస్తుంది.

7. చేతికి అంటని నెత్తురు

ఆటను పాఠంగా చదివేటప్పుడు సంభాషణలు మాత్రమే చాలవు. ఆడేవాని చేత ఏమి చేయిస్తున్నారు, ఏమి చేయించకుండా ఉంచుతున్నారు అన్నది కూడా అర్థనిర్ణయంలో భాగమే.

‘యాకుజా’ శ్రేణిలో హింస రెండు రకాలు. మొదటిది ఆడే హింస. వీధిలో ఎదురైన పోకిరీలను కిర్యూ సైకిలుతో, దుకాణపు బోర్డుతో, ఉత్త చేతులతో కొడతాడు. పోరాడేకొద్దీ ‘హీట్’ అనే సూచిక నిండి, మరింత భయంకరమైన దెబ్బకు అవకాశమిస్తుంది. మామూలు మనిషి బతకడానికి వీలులేని దెబ్బ అది. అయినా పడినవాడు లేచి క్షమాపణ చెప్పి, ఒక్కోసారి డబ్బు కూడా ఇచ్చి పోతాడు. రెండోది చూసే హింస. తుపాకీ పేలడం, నెత్తురు కారడం, మనిషి చావడం ఎక్కువగా నటించి చూపే దృశ్యాలలో జరుగుతాయి. అప్పుడు ఆడేవాని చేతిలో అధికారం ఉండదు.

1980 నాటి ఊచకోత పూర్తిగా రెండో కోవకు చెందినది. దానిని గతదృశ్యంగా చూపారు గాని ఆడనివ్వలేదు. ఆడేవాడు కిర్యూగా వందలమందిని కొట్టినా హంతకుడు కాడు. తన సంఘం చేసిన హత్యలలో అతని చేతికి భాగం లేదు. ఈ ఏర్పాటు వల్ల సంఘపు నేరం వేరొకరి జ్ఞాపకంగానే మిగులుతుంది. కథ విచారణ జరుపుతున్నా, ఆటక్రియ నిందితుని పక్షాన నిలిచి అతని చేతులు కడుగుతుంది. ఈ రచనలోని ప్రధానమైన అంతర్వైరుధ్యం ఇక్కడే ఉన్నది.

ఈ ఆటలో గాంభీర్యం పక్కనే వింతలు కూడా ఉన్నాయి. ఒసాకా కోట రెండుగా చీలి లోపలి నుంచి బంగారు కోట లేస్తుంది. అందులో కిర్యూ పులులతో కలబడతాడు. వీధులలో ఎదురయ్యే ఉపకథలలో అప్పులపాలైనవారు, మోసపోయినవారు, ఇల్లు వదిలినవారు అతని సహాయం కోరతారు. అద్భుతం, హాస్యం, కరుణ కలిసిన ఈ అల్లిక జానపద వీరగాథలు విన్నవారికి వింతగా తోచదు. అయితే ఈ ఉపకథలు చేసే మరో పనిని గుర్తించాలి. అవి నాయకుని మంచితనానికి సాక్ష్యాలను కుప్పపోస్తాయి. 26 ఏళ్లనాటి ఒక పెద్ద అన్యాయం ఎదుట, నిన్నటి వందల చిన్న ఉపకారాలు తూకానికి నిలుస్తాయి.

8. కామురొచో: ఒక వీధి స్థలచరిత్ర

కథాస్థలమైన కామురొచో కల్పితం. దాని నమూనా టోక్యోలోని షింజుకు ప్రాంతంలో ఉన్న కబుకిచో. యుద్ధంలో కాలిపోయిన ఆ పేటను పునర్నిర్మిస్తూ, కబుకి నాటకశాలను తెస్తామన్న ఆశతో 1948లో ఆ పేరు పెట్టారు. నాటకశాల రాలేదు, పేరు మిగిలింది. 1956లో వచ్చిన కోమా థియేటర్ ఆ పేటకు కేంద్రమైంది. 2001 సెప్టెంబర్ 1న ఒక భవనంలో జరిగిన అగ్నిప్రమాదం 44 మందిని బలిగొన్నది. 2002లో పోలీసులు వీధులలో 50 నిఘా కెమెరాలు అమర్చారు. కోమా థియేటర్ 2008 చివర మూతపడింది. నేరస్థలాన్ని పర్యాటకస్థలంగా మార్చే ఈ ప్రక్రియ నడుమ ‘యాకుజా’ ఆటలు వెలువడ్డాయి.

మొదటి భాగంలో నిరాశ్రయులు గుడారాలు వేసుకొని బతికిన పార్కు రెండో భాగంలో కామురొచో హిల్స్ నిర్మాణస్థలంగా మారుతుంది. 2003లో టోక్యోలో ప్రారంభమైన రొప్పొంగి హిల్స్ వంటి ఆకాశహర్మ్యాల కాలాన్ని ఆ పేరు గుర్తుచేస్తుంది. పాత్రలు ఈ మార్పుపై ఉపన్యాసాలు ఇవ్వవు. నిన్న నడిచిన దారి ఇవాళ కంచెతో మూసి ఉండటమే ఆడేవానికి చరిత్రపాఠం. ఒకే పేటను భాగం వెంట భాగం తిరిగి గీస్తూ వచ్చిన ఈ శ్రేణి, గ్రామ కైఫియత్తుల మాదిరిగా, ఒక స్థలపు మార్పులను వరుసగా నమోదు చేసింది.

ఈ దృష్టి తెలుగు స్థానికచరిత్రకు కూడా పనికివస్తుంది. నిజామాబాద్ జిల్లా మెండోర మండలంలోని పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట కథలో మొదటి భాగం గోదావరి నీరు, ఆయకట్టు, పంటలు. రెండో భాగం నీటి కిందకు వెళ్లిన ఊళ్లది. అదే జిల్లాలో బోధన్ శక్కర్‌నగర్ కథకు మొదటి భాగం 1930లలో వెలసిన నిజాం చక్కెర కర్మాగారపు వైభవం. రెండో భాగం 2015లో ఆగిపోయిన యంత్రాలది, వాటిని నమ్ముకున్న కార్మికులది. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది. ఉత్తరకథకు చాలాసార్లు అది కూడా ఉండదు. స్థలచరిత్రను రెండో భాగం నుంచి చదవడం నేర్చుకోవాలన్న అవసరాన్ని ఈ ఉదాహరణలు చూపుతాయి.

9. పాఠాంతరాలు

‘యాకుజా 2’ ఒకే పాఠం కాదు. 2006 నాటిది మూలపాఠం. 2008 సెప్టెంబర్‌లో వచ్చిన ఆంగ్ల రూపం జపాన్ గొంతులను అలాగే ఉంచి, ఆంగ్ల ఉపశీర్షికలను మాత్రమే చేర్చింది. మొదటి భాగానికి ఆంగ్ల నటులతో మాట్లాడించిన ప్రయోగం విమర్శలకు గురైన తరువాత వచ్చిన మార్పు ఇది. 1986లో దుస్తులు మార్చి పంపిన పరిశ్రమ, ఇరవై ఏళ్ల తరువాత ఒసాకా యాసను యథాతథంగా వినిపించడానికి సిద్ధపడింది. 2012లో ప్లేస్టేషన్ 3 కోసం మెరుగుపరచిన దృశ్యాలతో మొదటి రెండు భాగాల సంపుటి జపాన్‌లో వచ్చింది. 2017 డిసెంబర్ 7న ‘కివామి 2’ పేరుతో సంపూర్ణ పునర్నిర్మాణం వెలువడింది.

పునర్నిర్మాణంలో కథాక్రమం ప్రధానంగా నిలిచింది. అయితే కొన్ని చేర్పులు, కొన్ని లోపాలు ఉన్నాయి. మజిమా గోరో అనే పాత్రకు విడిగా కథాధ్యాయాలు చేర్చారు. అవి 2015లో వచ్చిన ‘యాకుజా 0’ కథతో ఈ భాగాన్ని కలుపుతాయి. అంటే వెనుకకథ తరువాత పుట్టి, ముందుకథ పాఠాన్ని మార్చింది. ఇతిహాసాలలో ప్రక్షిప్తాలు చేరే తీరును పరిశీలించినవారికి ఇది సుపరిచితమైన క్రియ. మరోవైపు, ఒసాకాలోని షిన్‌సేకై పేట నమూనాగా మూలపాఠంలో ఉన్న షిన్‌సేయిచో అనే ప్రాంతం పునర్నిర్మాణంలో లేదు. వెలుగుజిలుగుల దోతొంబోరి నమూనాగా తీర్చిన సోటెన్‌బోరి మాత్రం మిగిలింది. చవక హోటళ్లతో, దినకూలీలతో గుర్తింపు పొందిన పేట తప్పిపోయి, పర్యాటకుల పేట నిలిచింది. కారణం సాంకేతికమే కావచ్చు. పాఠంపై పడిన ప్రభావం మాత్రం సామాజికం.

తెలుగులోనూ వదిలివేత ఒక వ్యాఖ్యానమే. తిక్కన తన ఉత్తర రామాయణంలో రామనిర్యాణాన్ని వర్ణించలేదు. ఆ విరమణ గురించి పండితులు తరతరాలుగా చర్చించారు. కొత్త పాఠం వచ్చాక పాత పాఠాన్ని ఆడే యంత్రాలే అరుదవుతున్న వీడియో గేమ్ రంగంలో, వదిలివేతను గుర్తించేవారు కూడా తగ్గిపోతారు. తాళపత్రాలకు జరిగిన నష్టం డిస్కులకూ జరుగుతుంది. అందువల్ల పాఠపరిష్కరణ విద్య తెలిసిన భాషాశాఖలకు ఈ రంగంలో చేయవలసిన పని ఉన్నది.

10. తెలుగు ఉత్తరకథలతో తులన

తెలుగు నేరకథాచిత్రాలలో 1989 నాటి ‘శివ’ ఒక మలుపు. విద్యార్థి రౌడీలను ఎదిరిస్తూ వారి పద్ధతులలోకే దిగిన కథ అది. అదే దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ 2010లో ‘రక్తచరిత్ర’ను రెండు భాగాలుగా, అక్టోబర్, డిసెంబర్ నెలల్లో విడుదల చేశాడు. అనంతపురం ఫ్యాక్షన్ చరిత్ర దానికి ఆధారం. మొదటి భాగం ప్రతాప్ రవి అనే పాత్ర ప్రతీకారాన్ని, అధికారప్రాప్తిని చూపుతుంది. రెండో భాగంలో కథాకేంద్రం మారుతుంది. బాంబు పేలుడులో కుటుంబాన్ని పోగొట్టుకున్న సూర్య, నిన్నటి నాయకుని మీద ప్రతీకారానికి బయలుదేరుతాడు. ప్రేక్షకుడు మొదటి భాగంలో ఎవరి విజయాన్ని కోరాడో, రెండో భాగంలో అతని బాధితుని కళ్లతో చూడవలసి వస్తుంది.

‘యాకుజా 2’ ఈ పని చేయలేదు. ర్యూజీగా గాని, కవొరుగా గాని ఆడే అవకాశం లేదు. తమ పుట్టుక గురించిన నిజాన్ని వారు స్వయంగా తవ్వితీసుకోవడం కన్నా పెద్దల నోట వినడమే ఎక్కువ. కవొరు పోలీసు అధికారిణిగా ప్రవేశించి, విచారణకు కర్తగా మొదలై, చివరికి నాయకుని ప్రేమకూ రక్షణకూ పాత్రమవుతుంది. ర్యూజీ తన రక్తసంబంధం తెలిసినా జపాన్ యాకుజాగానే పోరాడి మరణిస్తాడు. కొరియన్‌గా జీవించే దారి ఏ ప్రధాన పాత్రకూ దొరకదు.

అలాగని ‘రక్తచరిత్ర’ మార్గం సర్వోత్తమమని కాదు. బాధితుడు గొంతు పొందడానికి తుపాకీ పట్టడమే షరతు అన్నట్లు ఆ చిత్రం కూడా సాగుతుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుకవధ’ నాటకం రాసినప్పుడు ఎంచుకున్న మార్గం వేరు. ఉత్తరకాండలో కొద్దిసేపు కనిపించి హతుడయ్యే పాత్రను ఆయన నాటకకేంద్రానికి తెచ్చి, వాదించే అధికారం ఇచ్చాడు. హతుడు మాట్లాడగలిగినప్పుడే ఉత్తరకథ సంపూర్ణమవుతుందన్న సూత్రాన్ని ఈ నాటకం నుంచి గ్రహించవచ్చు. ఈ కొలమానంతో చూస్తే ‘యాకుజా 2’ ప్రశ్నను సరిగా వేసి, సమాధానం చెప్పవలసినవారిని పిలవని రచన.

11. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. వీధిపోరాట ఆటగా మొదలైన ప్రక్రియ రెండు దశాబ్దాలలో సంఘచరిత్రను విచారించే కథనరూపంగా ఎదిగింది. ‘యాకుజా 2’ తన నాయకుని పెంచిన సంఘాన్నే విచారణకు నిలబెట్టి ఉత్తరకథా ధర్మాన్ని పాటించింది. అయితే హత్యాకాండను ఆడేవాని చేతికి అంటకుండా ఉంచడం, బాధితులనే బాంబులు పెట్టేవారిగా చూపడం, నాయకుని చిన్న ఉపకారాలతో పాత నేరాన్ని తూచడం వల్ల ఆ విచారణ మధ్యలో ఆగింది. పునర్నిర్మాణంలో తప్పిపోయిన పేదలపేట ఆ అసంపూర్ణతకు మరొక గుర్తు.

వాస్తవ యాకుజా ముఠాలు క్షీణిస్తున్న కాలంలోనే వాటి కథలు ప్రపంచమంతటా ఆదరణ పొందుతున్నాయి. సంఘం బలహీనపడినకొద్దీ దాని జ్ఞాపకం మృదువవుతుంది. మంచి రౌడీ కథను ఇష్టపడే ఏ సమాజమైనా, తెలుగు సమాజంతో సహా, ఈ మృదుత్వానికి మూల్యం ఎవరు చెల్లించారో లెక్క చూసుకోవలసి ఉంటుంది. పట్టాభిషేకం దగ్గర పుస్తకం మూసే శ్రోతకు ఆ లెక్క కనిపించదు.